ఊరి చివరి స్తంభం దాటి ఉన్న తొమ్మిది ఇళ్ల తరఫున బహిరంగ లేఖ

గ్రామీణ బ్రాడ్‌బ్యాండ్ పనులు చూసే కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల అధికారులకు,
ఇంటర్నెట్, కేబుల్ సంస్థల నిర్వాహకులకు,
బెంగళూరులో నెట్‌వర్క్ రంగంలో పనిచేస్తున్న తెలుగు ఇంజనీర్లకు,

నమస్కారం.

మేము బెంగళూరు గ్రామీణ జిల్లా తూర్పు అంచున, హొసకోట దాటి చింతామణి వెళ్ళే దారికి లోపలగా, పొలాల్లోనే ఇళ్లు కట్టుకుని ఉంటున్న తొమ్మిది తెలుగు కుటుంబాల వాళ్లం. కన్నడంలో వీటిని ‘తోటద మనె’ అంటారు, మేము తోట ఇళ్లు అంటాం. రాత్రిపూట మిద్దె ఎక్కి పడమటి దిక్కుకు చూస్తే వైట్‌ఫీల్డ్ దీపాల వెలుగు ఆకాశం మీద మసకగా కనిపిస్తుంది. ఆ వెలుగు కింద దేశదేశాల సంస్థలకు నెట్‌వర్కులు నడిపే ఆఫీసులు ఉన్నాయి. మా ఇళ్లకు మాత్రం మూడేళ్లకు పైగా అడుగుతున్నా ఇంటర్నెట్ తీగ రాలేదు.

కన్నడంలో నాలుగు, ఇంగ్లీషులో మూడు అర్జీలు పంపాం. ఫోన్లు ఎన్ని చేశామో లెక్క లేదు. ఇస్తామని గానీ, ఇవ్వలేమని గానీ, ఎందుకు ఇవ్వలేరో గానీ చెప్పే కాగితం ఒక్కటీ మా చేతికి రాలేదు. తీగ రాకపోవడం ఒక కష్టమైతే, రాదని రాసి ఇచ్చే బాధ్యత ఎవరి మీదా లేకపోవడం అంతకంటే పెద్ద కష్టమని ఈ మూడేళ్లలో మాకు అర్థమైంది. అందుకే ఈసారి మా భాషలో, అందరూ చదివేలా రాస్తున్నాను.

జరిగింది జరిగినట్టు చెబుతాను.

2022 జూన్‌లో ఒక పెద్ద ఇంటర్నెట్ సంస్థ వెబ్‌సైటులో మా పిన్‌కోడ్ కొడితే ‘మీ ప్రాంతంలో సేవ అందుబాటులో ఉంది’ అని వచ్చింది. ముందస్తుగా కట్టమన్న సొమ్ము కట్టాం. వారం తర్వాత ఇద్దరు కుర్రాళ్లు బండి మీద తీగ రీలుతో వచ్చి, ఊరి చివరి స్తంభం దగ్గర ఆగి, “ఇక్కడిదాకానే అక్కా, ముందుకు మా పోల్ లేదు” అన్నారు. పై అధికారులు సర్వేకు వస్తారని చెప్పారు. ఎవరూ రాలేదు. నలభై రోజులకు డబ్బు వెనక్కి వచ్చింది, దరఖాస్తు మూసేసినట్టు సందేశమూ వచ్చింది. అందులో రాసిన కారణం ‘కస్టమర్ అందుబాటులో లేరు’ అని. ఆ కుర్రాళ్లకు ఎదురెళ్లి, చివరి స్తంభం దగ్గర వాళ్లతో అరగంట నిలబడి మాట్లాడింది నేనే.

2023లో ఊళ్లోని కేబుల్ ఆపరేటరును అడిగాం. ఆయన మంచివాడు, స్వయంగా నడిచి వచ్చి దూరం చూసుకున్నాడు. కొత్తగా స్తంభాలు పాతాలంటే నలభై దాకా పడతాయనీ, తీగతో కలిపి అరవై వేలు దాటుతుందనీ నోటిమాటగా చెప్పాడు. “కరెంటు స్తంభాల మీద వెయ్యనిస్తే రెండు రోజుల పని, కానీ ఆ పర్మిషన్ నా అంతటోడికి ఎవరిస్తారమ్మా” అన్నాడు. పంచాయతీ ఆఫీసులో అడిగితే, గోడకు బిగించిన ఫైబర్ పెట్టె ఆఫీసు పనికేననీ, ఇళ్ల సంగతి తమకు తెలియదనీ అన్నారు. చివరికి ఆన్‌లైన్ ఫిర్యాదుల పోర్టల్‌లో పెట్టాం. ఫిర్యాదుదారు చందాదారు కానందున సంబంధిత సంస్థనే సంప్రదించాలని రాసి దాన్నీ ముగించారు.

మొదటిసారి వచ్చిన కుర్రాళ్లు రీలులో మిగిలిన తీగను చుట్టగా చుట్టి, “మళ్ళీ వస్తాం కదా, ఇక్కడే ఉండనీ” అని చివరి స్తంభానికి పురికొసతో కట్టి వెళ్ళారు. అది ఇప్పటికీ అక్కడే వేలాడుతోంది. ఎండకు దాని నల్లటి పైతోలు వెలిసి బూడిదరంగుకు తిరిగింది. కిందికి జారిన కొసను మేకలు కొరికాయి. నిరుడు వానాకాలంలో ఆ చుట్టలో ఒక పిట్ట గూడు పెట్టుకుంది. పొద్దున్నే డెయిరీలో పాలు పోయడానికి వెళుతూ నేను రోజూ దాని కిందుగానే నడుస్తాను.

ఆ స్తంభం నుంచి మా తొమ్మిది ఇళ్లలో చిట్టచివరి ఇంటికి 1.8 కిలోమీటర్లు. ఇంత దూరం ‘టెక్నికల్‌గా ఫీజిబుల్ కాదు’ అని ఫోనులో మాకు పదే పదే చెప్పారు. ఇది సరికాదని ఈ లేఖ చదివే ఇంజనీర్లకు నేను చెప్పనక్కరలేదు. ఇళ్లకు ఫైబర్ ఇచ్చే జీపాన్ పద్ధతి 20 కిలోమీటర్ల దూరం వరకు పనిచేసేలా రూపొందింది. ఫైబర్‌లో కాంతి కిలోమీటరుకు 0.35 డెసిబెల్ (ఆ తగ్గుదలను కొలిచే ప్రమాణం) దగ్గర తగ్గుతుంది, అంటే మా దూరానికి పోయేది ఒక డెసిబెల్ కూడా కాదు. దారిలో ఒక తీగను రెండుగా చీల్చే చిన్న స్ప్లిట్టర్ పెడితే దానికే 3 డెసిబెల్స్‌కు పైగా పోతుంది. కాబట్టి అడ్డు వస్తున్నది దూరం కాదు, స్తంభాలూ ఖర్చూ అనుమతులూను. ఆ మాటే సూటిగా చెబితే మేమూ ఖర్చు గురించే మాట్లాడతాం కదా. సాంకేతికంగా కుదరదంటే మాలాంటివాళ్లకు తిరిగి అడగడానికి నోరు రాదు.

స్తంభాల సంగతి కూడా చూడండి. మా బోరు మోటార్లకూ ఇళ్లకూ కరెంటు ఎప్పుడో వచ్చింది. ఊరి చివరి నుంచి మా చివరి ఇంటి వరకు ఉన్న విద్యుత్ స్తంభాలను మా అబ్బాయీ నేనూ ఒక ఆదివారం లెక్కబెట్టాం. 41 ఉన్నాయి. తీగలు వేసే దారి హక్కుకు సంబంధించిన టెలిగ్రాఫ్ రైట్ ఆఫ్ వే నియమాలకు 2022లో కేంద్రం చేసిన సవరణ, ఇలాంటి స్తంభాల మీదుగా కేబుల్ వేస్తే స్తంభానికి ఏడాదికి 100 రూపాయలని నిర్ణయించింది. ఆ లెక్కన 41 స్తంభాలకు 4,100 రూపాయలు, తొమ్మిది ఇళ్లకు పంచితే ఇంటికి ఏడాదికి 456 రూపాయలు. ఆ మొత్తం కట్టడానికి మేం ఈ రోజే సిద్ధం. పక్క రాష్ట్రం ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్‌నెట్ కోసం 20 వేల కిలోమీటర్లకు పైగా తీగను వేసింది కరెంటు స్తంభాల మీదే, టీవీ, ఫోను, ఇంటర్నెట్ కలిపి నెలకు 149 రూపాయలకు మొదలుపెట్టారు కూడా. తర్వాత ఆ పథకం పడిన ఇబ్బందులు నాకు తెలుసు. అయినా తీగ వెయ్యడానికి ప్రతిచోటా కొత్త స్తంభం పాతనక్కరలేదని అది చూపించింది.

ఇక లెక్కల విషయం. దేశంలోని రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలకు ఫైబర్ వెయ్యాలని 2011లో ఆమోదించిన పథకానికే 2015లో భారత్‌నెట్ అని పేరు పెట్టారు. 2023 ఆగస్టులో 1,39,579 కోట్ల రూపాయలతో దాన్ని విస్తరించి, పంచాయతీ కేంద్రాలు కాని మరో 3.8 లక్షల గ్రామాలకు అడిగితే ఇస్తామనీ, ఐదేళ్లలో 1.5 కోట్ల గ్రామీణ ఇళ్లకు కనెక్షన్లు ఇస్తామనీ చెప్పారు. సంకల్పం మంచిదే, మేము దాన్ని మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాం. కానీ ఫైబర్ ఎక్కడిదాకా చేరిందన్న లెక్క పంచాయతీలతో మొదలై గ్రామాల దగ్గర ఆగుతుంది. గ్రామానికి ఫైబర్ చేరిందని రాసుకున్న రోజున, ఆ గ్రామం పేరుతోనే ఓటరు జాబితాలో ఉండి పొలంలో కాపురముంటున్న మా ఇల్లు కూడా చేరినట్టే లెక్కలోకి వెళ్ళిపోతుంది. చేరని ఇళ్లు ఎన్ని అని అడిగితే చూపించే పట్టిక ఏ ఆఫీసులోనూ మాకు కనబడలేదు.

ఈ పనికి వాడే నిధి కూడా ఎక్కడి నుంచో వచ్చింది కాదు. టెలికాం సంస్థలు తమ సవరించిన స్థూల ఆదాయంలో 5 శాతం, ఇంతకుముందు యూనివర్సల్ సర్వీస్ నిధి అనీ ఇప్పుడు డిజిటల్ భారత్ నిధి అనీ పిలుస్తున్న దానికి జమ చేస్తాయి. ఆ ఆదాయం మేము చేయించుకునే రీచార్జుల నుంచి వచ్చినదే. మా అత్తగారి చేతిలోని మామూలు బటన్ ఫోను రీచార్జులో కూడా అందులో వాటా ఉంది.

కరెంటుకూ ఇంటర్నెట్‌కూ ఉన్న తేడాను ఇక్కడే చెప్పాలి. 2003 విద్యుత్ చట్టం 43వ సెక్షన్ ప్రకారం ఇంటి యజమాని దరఖాస్తు పెడితే నెలలోపు కరెంటు ఇవ్వడం పంపిణీ సంస్థ విధి, లైను పొడిగించాల్సి ఉంటే ఆ పని పూర్తయిన వెంటనే ఇవ్వాలి. ఆలస్యమైతే రోజుకు 1,000 రూపాయల వరకు జరిమానా వెయ్యవచ్చు. 2024లో సవరించిన వినియోగదారుల హక్కుల నియమాలు పల్లెల్లో కొత్త కనెక్షన్‌కు 15 రోజుల గడువు పెట్టాయి. మా మామగారు బతికుండగా బోరుకు కరెంటు కోసం తిరిగారు. అప్పుడు ఆయన చేతిలో దరఖాస్తు నంబరు ఉండేది, రశీదు ఉండేది, ఎస్టిమేటు కాగితం ఉండేది. ఆ కాగితాలు ఇప్పటికీ ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉన్నాయి. ఇంటర్నెట్ విషయంలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012లో పెట్టిన నియమాలు ఫిర్యాదుకు డాకెట్ నంబరు ఇవ్వాలనీ, వినకపోతే సంస్థలోనే అప్పీలుకు వెళ్లవచ్చనీ చెబుతున్నాయి. అయితే అవి కనెక్షన్ ఉన్నవారికి. కనెక్షన్ దొరకనివాడు వినియోగదారుడే కాదు గనుక అతని ఫిర్యాదుకు నంబరు ఉండదు, నంబరు లేని ఫిర్యాదు మీద అప్పీలు ఉండదు. మా మూడేళ్ల తిరుగుడు అంతా ఈ సందులో చిక్కుకుపోయింది.

దీనివల్ల మా ఇళ్లలో ఏం జరుగుతోందో చెబుతాను.

1. పిల్లల చదువు. మా అమ్మాయి పీయూసీ (ఇంటర్) రెండో సంవత్సరం రాసిన ఏడాది, ప్రవేశ పరీక్ష సీఈటీ తర్వాత కాలేజీల ఆప్షన్లు ఆన్‌లైన్‌లో పెట్టాల్సి వచ్చింది. ఇంట్లో ఫోనుకు సిగ్నల్ ఒక గీత వస్తే వస్తుంది, లేకపోతే లేదు. ఒక ఫోనును ప్లాస్టిక్ కవరులో పెట్టి వెదురుకర్రకు కట్టి మిద్దె మీద నిలబెట్టి, దాని హాట్‌స్పాట్‌తో కింద గదిలో ఇంకో ఫోను వాడటం మాకు అలవాటు. ఆ రోజు గాలివానకు కర్ర పడిపోయింది. గడువు రాత్రితో ముగుస్తుందని మేము స్కూటీ మీద ఊళ్లోకి వెళ్ళి, డెయిరీ అరుగు మీద వీధిదీపం కింద కూర్చుని ఆప్షన్లు నింపాం. అమ్మాయి ఒక్కో కాలేజీ కోడ్ చదువుతుంటే నేను తడవకుండా గొడుగు పట్టుకుని నిలబడ్డాను. పేజీ మూడుసార్లు మొదటికి వచ్చింది, నాలుగోసారికి సేవ్ అయింది. అనుకున్న వరుసలో మూడు కాలేజీలు తారుమారైనట్టు ఇంటికొచ్చి చూసుకున్నాక తెలిసింది. వీడియో పాఠాల మాట చెప్పనే అక్కరలేదు. మిగిలిన ఎనిమిది ఇళ్లలో ఇప్పుడు బడికీ కాలేజీకీ పోయే పిల్లలు పదకొండు మంది ఉన్నారు.

2. ముసలివాళ్ల డబ్బు. మా అత్తగారికి 74 ఏళ్లు. పొలం ఆమె పేరున ఉంది, ఏడాదికి 6,000 రూపాయల పీఎం కిసాన్ సొమ్ము ఆమె ఖాతాలో పడాలి. దానికి ఈ-కేవైసీ చెయ్యాలి. పేడ ఎత్తి, కలుపు తీసి అరిగిపోయిన వేళ్లు వేలిముద్రల యంత్రానికి అందవు. ఓటీపీతో చేద్దామంటే సందేశం ఇంటికి రావడానికి ముందే గడువు తీరిపోతుంది. చివరికి ఆమెను బండి మీద కూర్చోబెట్టుకుని, పడిపోకుండా మా ఇద్దరినీ కలిపి చీరతో నడుముకు కట్టుకుని, ఊళ్లో సిగ్నల్ ఉన్న చోటికి తీసుకెళ్ళాం. రేషన్, పింఛను, బ్యాంకు, పంట సర్వే యాప్, పహాణీ, ప్రతి పనికీ ఇంటర్నెట్ కావాలని ప్రభుత్వమే నిర్ణయించింది. అలా నిర్ణయించినప్పుడు ఆ ఇంటర్నెట్‌ను ఇంటికి చేర్చే పూచీ కూడా ప్రభుత్వానిదే అవుతుంది. డిజిటల్ సేవల అందుబాటు 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న ఈ-కేవైసీ కేసులోనే చెప్పింది, అందులో పల్లెవాసులనూ వృద్ధులనూ ప్రస్తావించింది. చదువుకునే హక్కులో ఇంటర్నెట్ కూడా భాగమని కేరళ హైకోర్టు 2019లోనే అన్నది.

3. ప్రాణం మీదికి వచ్చినప్పుడు. నిరుడు సంక్రాంతికి ముందు ఒక రాత్రి రెండు గంటలప్పుడు పక్కింటి పెద్దాయనకు గుండెలో నొప్పి వచ్చింది. 108కి ఫోను కలవలేదు. ఆయన కొడుకు టార్చిలైటు పట్టుకుని చెరువు కట్ట మీదికి పరుగెత్తి, అక్కడి నుంచి కలిపి, దారి చెప్పి, వెనక్కి వచ్చేసరికి ఇరవై నిమిషాలు గడిచాయి. పెద్దాయన బతికాడు. ఇంట్లో ఫైబర్ ఉంటే టవరు సిగ్నల్ లేకపోయినా, వైఫై కాలింగ్ ఉన్న ఫోనులో వైఫై మీదుగా మామూలు కాల్ వెళుతుంది. టీవీ కోసం, సినిమాల కోసం అడుగుతున్నామని అనుకునేవారు ఈ ఒక్క సంగతి ఆలోచించాలి.

4. పంట ధర. మేము టొమాటో, ద్రాక్ష పండిస్తాం. కోలారు మార్కెట్‌లో టొమాటో ధర పొద్దున ఒకలా, మధ్యాహ్నానికి ఇంకోలా ఉంటుంది. ఆ ధర మాకు సాయంత్రం తెలుస్తుంది.

5. టీవీ కూడా అవసరమే. పాత రోజుల్లో ఊళ్లోని ఆపరేటరు చెట్ల మీదుగా, కంచెల మీదుగా వైరు లాగి మా ఇళ్ల దాకా కేబుల్ ఇచ్చేవాడు. 2017 మార్చి నాటికి గ్రామాల్లోనూ అనలాగ్ ప్రసారాలు ఆపి డిజిటల్‌కు మారాలన్నారు. ఆ మార్పులో ఊళ్లోకి కొత్త తీగ, పెట్టెలు వచ్చాయి, తోటల వైపు పాత వైరు తెగిన చోట తెగినట్టే ఉండిపోయింది. ఇప్పుడు డిష్ పెట్టుకున్నాం, వాన మొదలైతే తెర మీద బొమ్మ ఆగిపోతుంది. రోజంతా ఒంటరిగా ఇంట్లో ఉండే ముసలివాళ్లకు తెలుగు వార్తలో, భక్తి కార్యక్రమమో తప్ప వేరే తోడు లేదు.

6. మా తొమ్మిది ఇళ్లలోని చదువుకున్న పిల్లలు ఆరుగురు బెంగళూరులో అద్దె గదుల్లో ఉంటున్నారు. అందులో నలుగురికి వారంలో రెండు, మూడు రోజులు ఇంటి నుంచి పనిచేసే వీలుంది. అయినా ఇక్కడికి రాలేరు.

ఇవి మా కోరికలు. ఇందులో ఉచితంగా ఇమ్మన్నది ఏదీ లేదని గమనించాలి.

ఒకటి. కనెక్షన్ అడిగిన ప్రతి ఒక్కరికీ, ఇంకా చందాదారు కాకపోయినా, తేదీతో కూడిన దరఖాస్తు నంబరు ఇవ్వాలి. 30 రోజుల్లోపు రాతపూర్వకమైన జవాబు ఇవ్వాలి. కుదరదంటే దగ్గరి పాయింట్ నుంచి దూరమెంత, ఎన్ని స్తంభాలు కావాలి, ఎంత ఖర్చు, ఏ అనుమతి లేదు అన్నది అందులో ఉండాలి. ‘కస్టమర్ అందుబాటులో లేరు’ అని రాసి మూసేసే ముందు సర్వేకు వచ్చిన మనిషి సంతకమూ దరఖాస్తుదారు సంతకమూ తీసుకోవాలి. మాకు అన్నిటికంటే ముందు కావలసింది ఇదే.

రెండు. ప్రతి పంచాయతీలో ఊరి హద్దుకు బయట ఉన్న తోట ఇళ్లను విడిగా లెక్కించి, ఫైబర్ చేరనివి ఎన్నో గ్రామసభలో చదివి వినిపించాలి. ఆ పని పూర్తయ్యేవరకు ఆ గ్రామానికి ‘పూర్తయింది’ అని రాయకూడదు.

మూడు. విద్యుత్ స్తంభాల మీద కేబుల్ వేసే అనుమతిని చిన్న కేబుల్ ఆపరేటర్లకు కూడా తాలూకా స్థాయిలోనే, నిర్ణీత గడువులో ఇవ్వాలి. కొత్త రైట్ ఆఫ్ వే నియమాలు 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి కాబట్టి, మా ఊరి ఆపరేటరు లాంటివారు ఏ కాగితంతో ఎవరి దగ్గరికి వెళ్ళాలో కన్నడంలో, ఈ సరిహద్దు తాలూకాల్లో తెలుగులో కూడా నోటీసు బోర్డు మీద పెట్టాలి.

నాలుగు. పంచాయతీ ఆఫీసుల్లో ఉన్న ఫైబర్ పెట్టె నెలలో ఎన్ని రోజులు పనిచేసిందో బయట రాసి పెట్టాలి. మా పంచాయతీలో నేను వెళ్ళిన మూడుసార్లూ దాని దీపం వెలగలేదు.

ఐదు. కిలోమీటరు దాటిన దూరానికి అయ్యే ఖర్చులో కొంత డిజిటల్ భారత్ నిధి నుంచి భరించి, మిగిలినది కలిసి దరఖాస్తు చేసుకున్న ఇళ్లు వాయిదాల్లో కట్టేలా ఏర్పాటు చెయ్యాలి. రశీదు ఇవ్వాలి. నోటిమాట ఎస్టిమేటు మీద అరవై వేలు కట్టడానికి ఏ రైతుకైనా ధైర్యం చాలదు.

ఆరు. తీగ ఆలస్యమయ్యేట్టయితే అప్పటివరకు పంచాయతీ భవనం మీద నుంచి రేడియో లింకు ఇవ్వండి. 5 గిగాహెర్ట్జ్ బ్యాండులో చాలా భాగానికి 2018 నుంచి లైసెన్సు అక్కరలేదు. మా మిద్దె మీద నుంచి పంచాయతీ భవనం పైన ఉన్న నీళ్ల ట్యాంకు కంటికి సూటిగా కనిపిస్తుంది. అయితే అందులో వచ్చే వేగం, 2023 జనవరిలో బ్రాడ్‌బ్యాండ్‌కు కనీసంగా నిర్ణయించిన 2 ఎంబీపీఎస్ కంటే తక్కువ ఉండకూడదు. పిల్లల వీడియో పాఠానికి నిజానికి అది కూడా చాలదు.

ఇంజనీర్లకు ఒక మాట. మీలో చాలామంది అనంతపురం, చిత్తూరు, కర్నూలు పల్లెల నుంచి వచ్చినవారే, మీ అమ్మానాన్నల్లో కొందరు ఇలాంటి ఇళ్లలోనే ఉంటున్నారు. మేము పైన రాసిన దూరం, కాంతి తగ్గుదల, స్తంభాల లెక్కలో పొరపాటు ఉంటే సరిదిద్దండి. పొరపాటు లేకపోతే, ఈ పని కుదురుతుందని మీ పేరుతో, మీ అనుభవంతో ఒక పేజీ రాసి ఇవ్వండి. మా అర్జీతో పాటు దాన్ని జతచేస్తాం. సంస్థల వాళ్లు మా మాటకు ఇవ్వని విలువ మీ మాటకు ఇస్తారు.

41 స్తంభాల నంబర్లు, వాటి మధ్య దూరాలు, తొమ్మిది ఇళ్ల యజమానుల సంతకాలు, మా పొలాల మీదుగా తీగ వెళ్ళడానికి అభ్యంతరం లేదన్న పత్రాలు ఒక ఫైలులో సిద్ధంగా ఉన్నాయి. సర్వేకు ఏ సంస్థ నుంచి ఎవరు వచ్చినా, ఆదివారమైనా సరే, పొద్దున పాలు పోసేసి ఎనిమిది గంటల నుంచి ఆ తీగ చుట్ట వేలాడుతున్న స్తంభం దగ్గర మా ఇళ్లలో ఒకరు ఉంటారు. ముందు రోజు సాయంత్రం ఒక సందేశం పంపితే చాలు. అది అందడానికి కొంత ఆలస్యం అవుతుంది కాబట్టి, దయచేసి చీకటి పడకముందే పంపండి.

ఇట్లు,
తొమ్మిది తోట ఇళ్ల తరఫున,
ఒక రైతు కుటుంబపు కోడలు,
బెంగళూరు గ్రామీణ జిల్లా